సొంత దస్తూరి

"నాలుగుసార్లు చెప్పిన. దరఖాస్తు బక్కయ్య రాస్తడు. నా కోడలు రాయదు," అంది నర్సింగమ్మ. కండె చుడుతున్న రాట్నం మాత్రం ఆపలేదు.

"ఎందుకు రాయదే? చేతులు లేవా దానికి?" మగ్గం గుంటలోంచే గొంతు పెంచాడు వెంకటనర్సు. "షోలాపూర్ల ఏడో తరగతి పాసైన పిల్ల. దాని రాత జూసి పంతులు బడంత తిప్పి చూపిచ్చిండట. గసొంటి పిల్లను ఇంట్ల వెట్టుకొని, ఊరోళ్ల అర్జీలు రాసేటోని అరుగెక్కాల్నా?"

"ఎక్కాలె. ఊరంత ఎక్కుతలేదా?"

"ఊరోళ్లకు రాయరాదు గనుక ఎక్కుతరు!"

గడప మీద కూర్చున్న మల్లేశం చేతిలోని అచ్చు కాగితాన్ని మళ్ళీ విప్పాడు. విప్పి మడిచి, విప్పి మడిచి ఆ కాగితం మడతల దగ్గర చిరగడానికి వచ్చింది.

"ఇగో, ఇను అమ్మా. 'సొంత దస్తూరితో దరఖాస్తు రాసి పంపవలెను' అన్నరు. అంటె ఎవలి చేత్తోని వాళ్లే రాయాలె. ఇండ్ల బక్కయ్య పేరు లేదు."

"కాయితం ఎన్నైనా అంటది. కాయితం చెప్పినట్టు ఇనుకుంట కూసుంటె మనం ఎన్నడో మట్టిల గలుస్తుంటిమి."

జూన్‌లో తమ ఊరు తాటికుర్తిలో ఆడపిల్లల బడి తెరుస్తారట. తెలుగులో చదువు చెప్పగల పంతులమ్మ కావాలట. నూలు దొరక్క ఇంట్లో రెండు మగ్గాల్లో ఒకటి నాలుగు నెలలుగా పడుకునే ఉంది. షోలాపూర్ మిల్లు మల్లేశాన్ని ఇంటికి పంపి రెండు నెలలు దాటింది. ఆ అచ్చు కాగితం ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి వెంకటనర్సు రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాడు.

"నీకు దాని రాత అంటెనే పడదమ్మా," అన్నాడు మల్లేశం. "నేనొచ్చేసరికే మూటగుడ్డలన్ని ఉడకవెట్టి ఉతికినవ్. దాని చేత్తోని బొగ్గుతో రాసిన పేర్లన్ని పోయినయ్. ఏ చీరె ఎవలిదో నాయినకు తెలుస్తలేదు."

"మురికి వట్టినయ్. ఉతికిన."

"మూటగుడ్డలకు మురికేందే?" అన్నాడు వెంకటనర్సు.

 నర్సింగమ్మ రాట్నం వేగం పెంచింది.

"దాన్నే అడుగుదాం," అన్నాడు మల్లేశం. "శ్యామలా, నువ్వు చెప్పు. ఎవలు రాయాలె?"

ముగ్గురూ పొయ్యి వైపు చూశారు. శ్యామల ఊదుగొట్టం నోటికి పెట్టుకొని ఊదుతూనే ఉంది. మంట అప్పటికే బాగా మండుతోంది.

"అత్తమ్మ చెప్పినట్టె కానియ్యుర్రి," అంది.

మల్లేశం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మంచిది. ఇద్దరాడోళ్లు ఒక్కటైతె మొగోడు బయటికి పోవుడే," అని లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు.

అత్త తన పక్షాన ఎందుకు నిలబడిందో శ్యామలకు అర్థం కాలేదు. అత్తకు చదువంటే గిట్టదని, అది తన అదృష్టమని అనుకుంది.

తన చేత్తో రాయాలంటే ఆమెకున్న భయం ఇంట్లో ఎవరికీ చెప్పలేనిది. పెళ్ళయి ఈ ఊరొచ్చాక నాలుగేళ్ళు ఆమె కలం పట్టలేదు. మూటల మీద బొగ్గుతో పేర్లు రాయడమే ఆమె రాత. పోయిన చలికాలంలో గొర్ల కాపరి బీరన్న దడి అవతల నిలబడి, "అక్కా, సంఘపోళ్లకు రాసేటోళ్లు దొరుకుతలేరు. నీకు రాయొస్తదని ఎరుకైంది," అన్నాడు. సంఘం పంచిపెట్టిన దొర భూముల సంగతి ఆమె తర్వాత ఆలోచించింది. మొదట చూసింది బీరన్న చేతిలోని కలాన్నే.

అత్త బట్టలమ్మడానికి, మామ నూలు కోసం తిరగడానికి పోయిన మధ్యాహ్నాలు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని నలభై కాగితాలు రాసింది. 'పంచుకున్న భూములు విడువకండి.' నలభైసార్లు అదే మాట. ఇరవయ్యో కాగితానికి చేతికి పాత రోజులు తిరిగొచ్చాయి. అక్షరం నెత్తిన తలకట్టు గాలికి వంగిన జొన్నకంకిలా కుడిపక్కకు సాగింది. చిన్నప్పటి నుంచి ఆమె రాత అంతే.

నలభై కాగితాలూ గోడలకెక్కిన మర్నాడు, దొర గడీలో దిగిన పోలీసు క్యాంపు నుంచి అక్కడి అధికారి, అమీన్, ఊళ్ళోకి వచ్చాడు. రాయడం వచ్చిన మగవాళ్ళందరినీ గడీకి పిలిపించి తలా రెండు వరుసలు రాయించుకున్నాడు. ఆడవాళ్ళను పిలవలేదు. ఆడవాళ్ళు రాస్తారని ఎవరికి తోస్తుంది? ఆ తోచకపోవడమే ఇన్నాళ్ళుగా శ్యామల నెత్తిన ఇంటికప్పయింది.

చివరికి బక్కయ్య ఒక్కణ్ణే ఉంచుకొని మిగతావాళ్ళను వదిలేశారు. మూడు రోజుల తర్వాత అతన్నీ వదిలారు. అప్పటి నుంచి బక్కయ్యకు ఎడమ చెవి వినపడదు. బీరన్న అమ్రాబాద్ అడవుల్లో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియదు.

ఇంట్లో వాదన జరిగిన మర్నాడు పొద్దున బక్కయ్య అరుగు మీద, నేల చూపులు చూస్తూ కూర్చుంది శ్యామల. పక్కన నర్సింగమ్మ.

"జర ఈ దిక్కుకు జరిగి చెప్పు బిడ్డా. ఆ చెవి పోయింది," అన్నాడు బక్కయ్య. ఎలా పోయిందో చెప్పలేదు. ఊళ్ళో చెప్పాల్సిన పనిలేదు.

శ్యామల జరిగింది. పుట్టిన ఊరు, చదివిన బడి, పాసైన సంవత్సరం ఒక్కొక్కటే చెప్పింది. బక్కయ్య కలం ముంచి గుండ్రంగా, నిదానంగా రాశాడు.

"ఈ నాలుగేండ్లు ఏం జేసినవని రాయాలె?"

శ్యామల అత్త వైపు చూసింది.

"కండెలు చుట్టింది. నూలు తోడింది. గదే రాయి," అంది నర్సింగమ్మ.

"గది నౌకరికి పనికొస్తదా అక్కా?"

"పనికొస్తదో రాదో నీకెందుకు? రాయి."

బక్కయ్య నవ్వి, 'గృహకృత్యములు' అని రాశాడు. కాగితం ఆరేదాకా రెండు కొసలూ పట్టుకొని, శ్యామల కుడిచేతి వైపు చూశాడు.

"నడిమేలికి కాయ ఉన్నది. రాసే చెయ్యి గద బిడ్డా నీది?"

"గది పోగు కోసిన కాయ," అంది నర్సింగమ్మ ఠక్కున. "నీకు కాయితాలు తప్ప నూలు ఏం తెలుసు బక్కయ్యా?"

"గంతేనేమో," అన్నాడు బక్కయ్య. కాగితాన్ని శ్యామలకు కాదు, నర్సింగమ్మకు ఇచ్చాడు. 

పదకొండు రోజులకు నల్లగొండ నుంచి పిలుపు వచ్చింది. గురువారం పొద్దున పది గంటలకు తాలీమాత్ దఫ్తర్‌లో, అదే చదువుల శాఖ ఆఫీసులో, హాజరు కావాలి.

బుధవారమంతా మగ్గం ఆగిపోయింది. వెంకటనర్సు నూలు గంప బోర్లించి, దాని మీద కూర్చొని, రుమాలు నెత్తికి గట్టిగా చుట్టుకున్నాడు.

"ఇగ నేను పెద్ద సారును. రానియ్యి పిల్లను."

శ్యామల లోపలికి వచ్చి రెండు చేతులూ జోడించి వంగింది. "దండం దొరా."

"దొర అనొద్దు!" మల్లేశం నెత్తి కొట్టుకున్నాడు. "సార్ అను. నిటారుగ నిలవడు. మిల్లుల మమ్ముల వరుసవెట్టి అడిగినప్పుడు వంగినోన్ని ముందుగాల ఎల్లగొట్టిన్రు."

"కుర్చీల కూసోమంటె?"

"కూసో."

"పెద్దోళ్ల ముందట కుర్చీల కూసుంటె గీర అనుకోరా?" అంది నర్సింగమ్మ. ఏ చీర కట్టుకోవాలో తేల్చడానికి ఆమె పెట్టె ముందు కూర్చొని ఉంది.

"కూసోకుంటె పల్లెటూరు మొద్దు అనుకుంటరు."

పెద్ద సారు వెంకటనర్సు కాసేపు ఆలోచించాడు. "కుర్చీ కొసకు కూసోనియ్యి. గీర లేదు, మొద్దూ లేదు."

శ్యామలకు నవ్వొచ్చింది. చాలా రోజులకు ఆ ఇంట్లో నలుగురూ ఒకేసారి నవ్వారు.

"అడిగినదానికే జవాబు చెప్పు," అన్నాడు మల్లేశం. "ఎక్కువ చెప్పకు. తెల్వకుంటె తెల్వదను. ఇగ నేనడుగుత. ఏమమ్మా, చదువు ఇడిచి నాలుగేండ్లాయె గద, ఈ నడుమ ఏమన్న రాసినవా?"

నవ్వు శ్యామల ముఖం మీదే ఆగిపోయింది.

నర్సింగమ్మ చేతిలోంచి పెట్టె మూత జారి దబ్బున పడింది. "గట్లెవలు అడుగుతరు? పిచ్చి ముచ్చట్లు! పొద్దుగూకుతాంది, లేవుర్రి," అని అందరినీ లేపేసింది.

ఆ రోజు ఇంట్లో చదువు అడిగారు. లెక్కలు అడిగారు. బడికి పిల్లలెందుకు రావాలో అడిగారు. ఇంకేమీ మిగల్లేదనుకున్నారు. మామగారే సారై కూర్చున్న చోట ఒక ప్రశ్న ఎవరికీ తోచలేదు.

దఫ్తరు గేటు దగ్గర తుపాకులతో ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు. మల్లేశాన్ని అక్కడే ఆపేశారు. అతను యాపచెట్టు కింద సంచీ పెట్టుకొని కూర్చున్నాడు. శ్యామల ఒక్కతే లోపలికి నడిచింది. వెనక లతీఫ్ సాహెబ్ గుట్ట మీద ఎండ తెల్లగా మండుతోంది.

గదిలో ముగ్గురున్నారు. బడుల ఇన్‌స్పెక్టరు గారు బెజవాడ వైపు మనిషి, కొత్తగా వచ్చాడు. పక్కన తెల్లచీరలో పెద్ద పంతులమ్మ. మూలన గుమాస్తా కలం పట్టుకొని ఉన్నాడు. గోడకు నల్లబల్ల.

"కూర్చోండమ్మా."

శ్యామల కుర్చీ కొసకు కూర్చుంది. 

పుస్తకమిచ్చి చదవమన్నారు, చదివింది. భిన్నం ఒకటి అడిగారు, చెప్పింది. ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీ వీధిలో తల్లులు ఆడపిల్లల్ని పంపమంటే ఏం చేస్తారు? పని ఆగిపోతుందంటారు కదా."

"నిజమే అంటరు సార్," అంది శ్యామల. "పొద్దుగాల పడుగుకు గంజి పెట్టేటప్పుడు, కండెలు చుట్టేటప్పుడు పిల్ల లేకుంటె మగ్గం నడువది. గా యాళ్లకు బడి గంట కొడితె ఎవలు రారు. గంజి పని అయినంక కొడితె వస్తరు. గంట జరపాలె గని పిల్లలను జరపలేం."

పెద్ద పంతులమ్మ నవ్వింది. ఇన్‌స్పెక్టరు గారు గుమాస్తా వైపు చూసి, "అది రాసుకోండి," అన్నాడు. శ్యామల కుర్చీలో కొంచెం వెనక్కి జరిగింది.

"దరఖాస్తుల ఒక జాగాల సిరా అలుక్కపోయింది," అంది పెద్ద పంతులమ్మ కాగితం పైకెత్తి. "మీ ఆయన పేరేందమ్మా?"

శ్యామల తల వంచుకుంది.

పెళ్ళి నాటి నుంచి ఆ పేరు ఆమె పెదవి దాటలేదు. ఆ వీధిలో ఏ ఆడదాని పెదవీ దాటదు. పేరు పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని నర్సింగమ్మ మొదటి రోజే చెప్పింది.

"పేరమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు గారు.

గుమాస్తా కలం ఆపి తలెత్తాడు. గదిలో గాలి మారింది. ఆ రోజుల్లో ఆ పల్లెల నుంచి వచ్చిన ఆడది మొగుడి పేరు చెప్పడానికి తడబడిందంటే, మొగుడు సంఘంతో అడవిలో ఉన్నాడని సర్కారు లెక్క.

"ఆయన ఎక్కడున్నాడు?" ఇన్‌స్పెక్టరు గారి గొంతు ఇందాకటిలా లేదు.

"బయట యాపచెట్టు కింద ఉన్నడు సార్."

"ఉన్నవాడి పేరు చెప్పడానికి భయమెందుకు?"

పెద్ద పంతులమ్మకు విషయం తెలిసి ఏదో అనబోయింది. ఈలోగా గుమాస్తా లేచి గుమ్మం దాకా వెళ్ళి, గేటు దగ్గర పోలీసుల వైపు చూశాడు. శ్యామలకు ఆ చూపు ఒక్కటే కనిపించింది. వాళ్ళు మల్లేశం దగ్గరికి వెళతారు. చేయి పట్టి లేపుతారు.

ఆమె లేచి నల్లబల్ల దగ్గరికి వెళ్ళింది. సుద్దముక్క తీసుకొని రాసింది. భర్త పేరు రాసింది. దాని కింద మామ పేరు. దాని కింద ఊరి పేరు. మొదటి వరుసలో సుద్ద ఆగి ఆగి నడిచింది. రెండో వరుసలో కుదురుకుంది. మూడో వరుసకు చేయి ఎక్కడుందో మరిచిపోయింది. తలకట్టులన్నీ జొన్నకంకుల్లా కుడివైపుకు వంగి సాగాయి.

వెనక్కి తిరిగేసరికి ముగ్గురూ నల్లబల్ల వైపే చూస్తున్నారు.

"పేరు నోటితో చెప్పరు సార్, వీళ్ల దిక్కు," అంది పెద్ద పంతులమ్మ మెల్లగా.

"ఎంత మంచి రాత!" అన్నాడు ఇన్‌స్పెక్టరు గారు. తర్వాత బల్ల మీది దరఖాస్తు చూశాడు. మళ్ళీ నల్లబల్ల చూశాడు. "ఇది మీరు రాసింది కాదు."

శ్యామల చేతిలో సుద్దముక్క విరిగింది.

"కాదు సార్."

"ఇంత రాత పెట్టుకొని ఇంకొకరి చేత ఎందుకు రాయించారు?"

అడిగినదానికే జవాబు చెప్పమన్నాడు మల్లేశం. ఈ ఒక్కదానికి నిజం చెబితే దారి గడీకే.

"పల్లెటూరు గదా సార్, అర్జీలన్ని ఒక్కరే రాస్తరు అక్కడ," అని పెద్ద పంతులమ్మే అందుకుంది.

ఇన్‌స్పెక్టరు గారు తలూపాడు. "అడగ్గానే నిజం చెప్పారు, సంతోషం. ఈ పని మీకే ఇవ్వాలనుకుంటున్నాను. కాని దరఖాస్తు మీ చేత్తో రాసి తీసుకురండి. దాని కిందే, అదే కాగితం మీద, నడవడి మంచిదని మీ ఊరి క్యాంపు అమీన్ సంతకం, ముద్ర వేయించండి. శనివారం లోపల. ఈ రోజుల్లో అది లేకుండా కుదరదమ్మా."

అతను దయగానే చెప్పాడు. అందుకే ఆమెకు ఇంకా భయమేసింది.

"బల్ల తుడవనా సార్?"

"ఉండనివ్వండి. తర్వాత వచ్చేవాళ్ళు చూస్తారు, రాత ఎలా ఉండాలో."

చీకటి పడకముందే వీధంతా తెలిసిపోయింది. బండి దిగి ఇంట్లోకి రాకముందే మల్లేశం నలుగురికి చెప్పాడు. వెంకటనర్సు కోడలి చేతిలో బెల్లం ముక్క పెట్టి, "ఒక్క సంతకం మిగిలింది. నేనే వస్త గడీకి. అమీన్‌కు దండం వెట్టి పెట్టిచ్చుకొస్త," అన్నాడు.

 నర్సింగమ్మ ఒక్కతే బెల్లం నోట్లో వేసుకోలేదు.

దీపం పెట్టే వేళ శ్యామల పలక తీసుకొని ఖాళీ మగ్గం గుంటలో కూర్చుంది. తలకట్టులు నిటారుగా పెడుతూ రాసింది. మొదటి వరుస ఎవరిదో అనిపించింది. రెండోది ఫరవాలేదు. మూడో వరుసలో ఒక అక్షరం కుడికి వంగింది. తుడిచింది. మళ్ళీ రాసింది. మళ్ళీ మూడో వరుసలోనే వంగింది. ఎడమచేత్తో రాస్తే కోడి కెలికినట్టు వచ్చింది. అయినా మార్చి ఏం లాభం? నల్లగొండలో నల్లబల్ల మీద అసలు రాత అలాగే ఉంది.

మామ ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. "బెత్తెడు బట్ట దాక ఎవడైనా ఎవని తీరైనా నేస్తడు. బెత్తెడు దాటినంక ఎవని నేత దెబ్బ వానిదే."

"మారదు లే బిడ్డా," అంది నర్సింగమ్మ.

శ్యామల ఉలిక్కిపడి పలక బోర్లించింది. అత్త గుంట అంచున నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో.

"ఏది అత్తమ్మా?"

"నీ చెయ్యి." నర్సింగమ్మ అంచు మీద కూర్చుంది. "నాకు అచ్చరం ముక్క రాదు. గని సంతల నూరు చీరెలు కుప్పవోస్తె, అంచు జూసి ఏది ఎవలు నేసిన్రో చెప్త. గోడ మీద గా కాయితం జూసిన్నాడే ఎరుకైంది. మన మూటల మీద ఉన్న చెయ్యే గది."

శ్యామల పలకను ఒళ్ళోకి లాక్కుంది.

"గందుకే మూటగుడ్డలు ఉడకవెట్టిన."

"అత్తమ్మా..."

"పూర్తిగ ఇను. ఇంక ఎన్నడు చెప్ప." నర్సింగమ్మ గొంతు తగ్గించింది. ముందు గదిలో తండ్రీ కొడుకులు నవ్వుకుంటున్నారు. "నేను ఉతికేటందుకు ముందే ఒక మూట సావుకారి దుకాణానికి పోయింది. పోలీసోళ్లు గా మూట జూసిన్రు. కాయితం వట్టుకొని నా తానికొచ్చిన్రు. మూట మీద ఈ పేరు ఎవలు రాసిన్రు అన్నరు."

"నువ్వేమన్నవ్?"

 నర్సింగమ్మ వేళ్ళు, చేతిలో లేని పోగును పురి పెడుతున్నట్టు ఒకదానితో ఒకటి రాసుకున్నాయి.

"బక్కయ్య రాసిండన్న."

ముందు గదిలో నవ్వు వినిపిస్తూనే ఉంది.

"ఇంక ఎవలి పేరు చెప్పాలె? ఊళ్లె అందరివి ఆయనే రాస్తడు గద. రెండు దెబ్బలు గొట్టి ఇడుస్తరనుకున్న. నిన్ను తీస్కపోతె..." ఆమె ఆగిపోయింది. "గడీకి పోయొచ్చిన ఆడోళ్ల ముచ్చట నీకు నేను చెప్పాల్నా?"

"బక్కయ్యకు తెలుసా?"

"ఏమో. నన్ను జూసి ఎప్పటి లెక్కనే అక్కా అంటడు. గదే నాకు పానం తీసినట్టుంటది." నర్సింగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నౌకరి వద్దు బిడ్డా. కడుపునొప్పి వచ్చిందని చెప్తం. నూలు ఎన్నడో ఒకనాడు వస్తది. ఈ చెయ్యి మాత్రం బయట వెట్టకు. నీ కాళ్లు మొక్కుత."

కోడలి కాళ్ళకు అత్త మొక్కుతాననడం శ్యామల ఎన్నడూ వినలేదు. ఆమె పలక తిప్పి, ఆ మూడు వరుసలూ అరచేత్తో తుడిచేసింది. సుద్ద పొడి చేతికి అంటుకుంది. పోలేదు.

ఎన్నాళ్ళకో దొరికిన నూలుతో వెంకటనర్సు ఒక పడుగు సిద్ధం చేశాడు. శుక్రవారం ఎండ రాకముందే దాన్ని వీధి పొడుగునా చాచి పట్టారు. ఈ కొసన మల్లేశం, ఆ కొసన నర్సింగమ్మ. నడుమ గంజి కుంచెతో వెంకటనర్సు. ఎదురుగా రెండో కుంచెతో శ్యామల. గంజి తడి మీద ఉన్నప్పుడే పోగులు విడదీయాలి. ఆగితే అతుక్కుపోతాయి. ఈ పనికి ఇంట్లో నాలుగు జతల చేతులూ కావాలి. అందుకే శ్యామల తన మాట చెప్పడానికి ఆ వేళ దాకా ఆగింది.

వీధి చివర బక్కయ్య తన అరుగు ఊడ్చుకుంటున్నాడు. ఎవరో సైకిల్ గంట కొడుతూ అతని ఎడమపక్క నుంచి వచ్చారు. బక్కయ్య తిరగలేదు. సైకిల్ చక్రం కాలికి తగిలాకే అదిరిపడి పక్కకు జరిగాడు. నర్సింగమ్మ చూసి తల తిప్పుకుంది. శ్యామల తిప్పుకోలేదు.

"మామా," అంది. గొంతు పెంచలేదు. నలుగురికీ వినపడేంత మాత్రమే.

"ఊ."

"గంజి అయినంక గడీకి పోత. నా చేత్తోని రాసిన దరఖాస్తే తీస్కపోత."

"పోదాం. నేను వస్త అన్న గద."

"నువ్వు రావొద్దు మామా. ఎవలు రావొద్దు." ఆమె కుంచె పోగుల మీద ఒకే తీరుగా జరుగుతోంది. "చలికాలంల గోడలకు అంటిచ్చిన కాయితాలు నేనే రాసిన. అమీన్ తాన గా కాయితం ఉన్నది. నా రాత జూస్తె గుర్తువడ్తడో లేదో తెల్వదు. గుర్తువట్టి అడిగితె అవునంట."

మల్లేశం చేతిలో పడుగు కొస జారబోయింది. పట్టుకున్నాడు. "ఏమంటున్నవే? పిచ్చి లేసిందా? నౌకరి మన్నువోనియ్యి. ఇయ్యాల్నే షోలాపూర్ రైలెక్కుదాం..."

"నౌకరి కోసం గాదు." ఆమె అతని వైపు చూసింది. "బక్కయ్య కాకకు చెవి పోయింది. పోయిన చెవి నేను తేలేను. మల్ల ఆయన రాసిచ్చిన కాయితం మీదనే బతికి, రేపు పిల్లల చెయ్యి వట్టి అచ్చరాలు దిద్దియ్యాల్నా? దాచుకున్న చేత్తోని ఎట్ల దిద్దియ్యాలె?"

వెంకటనర్సు కుంచె గాలిలోనే ఆగిపోయింది. అతను కోడలిని చూశాడు. తర్వాత మెల్లగా భార్యను చూశాడు. ఉడకబెట్టిన మూటగుడ్డలు గుర్తొచ్చాయేమో, ఏదో అడగబోయి నోరు మూసుకున్నాడు.

శ్యామల మూట సంగతి చెప్పలేదు. పోలీసులకు ఎవరు ఏ పేరు చెప్పారో చెప్పలేదు. చెప్పబోదని ఆ కొసన నిలబడ్డ నర్సింగమ్మకు అర్థమైంది.

ఎండ మొదటి కిరణం పడుగు మీదికి వచ్చింది. తడి పోగులు మెరిశాయి. గడీ వైపు నుంచి క్యాంపు హాజరు గంట వినిపించింది.

ఎవరూ కదలలేదు. నర్సింగమ్మ పడుగు కొసను బిగించి పట్టుకుంది. 

"గంజి ఆరిపోతాంది," అంది. "చేతులు ఆపకుర్రి. పిల్ల పోయే యాళ్లకు పని ఒడవాలె. దాని ఎంబడి నేను పోత. నేను గూడ ఒక ముచ్చట చెప్పేది ఉన్నది అమీన్‌కు."